గౌరి గురువారాల గుట్టు

అనగనగా ఒక ఊళ్ళో, బెల్లం వాసనకి పొరుగూరి చీమలు కూడా బస్సెక్కి వచ్చే ఊళ్ళో, వరహాలు అని ఒకావిడ ఉండేదమ్మా. ఆవిడ కూతురు నీలు. మూడేళ్ళు నిండాయి, ఒక్క మాట లేదు. ఏం కావాలన్నా అమ్మ చెయ్యి పట్టి లాగడమే, వేలు పెట్టి చూపించడమే.

అప్పుడు పక్కవాటాలోకి రాములమ్మ దిగింది, నాలుగేళ్ళ గౌరితో. గౌరి నోరు విప్పిందంటే బస్టాండు మైకు సిగ్గుపడి ఆగిపోయేది! అది వినీ వినీ వరహాలుకి కడుపుమంట. ఎంత మంటనుకున్నావ్? పొట్ట మీద పెనం పెడితే పన్నెండు అట్లు కాలేవి!

ముందు రాములమ్మ ఇంట్లోంచి వసకొమ్ము కొంగున దాచి తెచ్చింది. మాటలొస్తాయని అరగదీసి నాలుక మీద రాస్తే, నీలు థూ అని ఉమ్మేసింది.

ఆ తర్వాత గౌరి కొరికిన జామకాయ తెచ్చింది. చిలక కొరికినది తింటే మాటలొస్తాయంటారుగా, గౌరి ఏడు చిలకల పెట్టు మరి! నీలు కాయంతా తినేసి, ఇంకోటి కావాలని వేలు చూపించింది.

అప్పుడు వరహాలు ఒకటి కనిపెట్టింది. ప్రతి గురువారం రాములమ్మ పుట్టింటికని చెప్పి, పిల్లతో బస్సెక్కుతోంది. "అక్కడే ఉంది మంత్రం!" అనుకుని, నీలుని చంకనేసుకుని వెనక సీట్లో నక్కింది.

బస్సు పట్నంలో ఆసుపత్రి దగ్గర ఆగింది. అక్కడో గదిలో మాటలు నేర్పే టీచరమ్మ బుడగలు ఊదుతూ గౌరి చేత 'ర' పలికిస్తోంది. కిటికీలో వరహాలుని చూసి రాములమ్మ తెల్లబోయింది.

"దీనికీ మూడేళ్ళదాకా మాటల్లేవు వదినా. నువ్వు నవ్వుతావని చెప్పలేదు."

ఊరంతా హడలే నోరు వరహాలుది. ఆ నోటితోనే మెల్లగా, "మా పిల్లకి మాటలు రాలేదమ్మా" అని మొదటిసారి పైకి అంది.

"రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోతే అప్పుడే తీసుకురావాలి. ఇప్పుడైనా మంచిపని చేశావ్. ముందు చెవులు పరీక్ష చేయిద్దాం. తప్పు నీదీ కాదు, పిల్లదీ కాదు. వసలూ గిసలూ వద్దు" అంది టీచరమ్మ.

ఆ తర్వాత గురువారాలు నలుగురూ ఒకే సీటు. ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలి వచ్చింది. ఒకనాడు బస్సులో నీలు పెదవి కదిపింది. బస్సు బస్సంతా ఊపిరి బిగబట్టింది!

"అమ్మా అను తల్లీ, అమ్మా!"

నీలు వేలు చూపించి, "గౌవీ!" అంది.

మళ్ళీ భగ్గుమంది వరహాలు కడుపు! కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్ళి పెనం పెట్టింది. మొదటి అట్టు మాత్రం గౌరికే వేసింది.

మాట వచ్చె నీలు నాలుక మీద,
కథ పోయె కంచి బండి మీద,
కునుకు వాలె నీ కళ్ళ మీద.