డాక్టర్ సుదర్శనం ఎముకల సంచి

ఊరి చివర పశువుల డాక్టర్లని తయారుచేసే కాలేజీలో, చచ్చిన పశువుని కోసి లోపల ఏది ఎక్కడుందో చూపించే డాక్టర్ సుదర్శనం అనే మేష్టారు ఉండేవాడు; ఆయనకి చదువెంతుందో దానికి రెండింతలు గొప్పలుండేవి.

ఆ ఉద్యోగం అల్లాటప్పా ఉద్యోగం కాదు. చచ్చిన ఎద్దు కుళ్లకుండా తెల్లారేసరికి దాని మెడ రక్తనాళంలోంచి మందునీళ్లు ఎక్కించాలి. ఆ ఘాటుకి కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా కళ్లు తుడుచుకునేవాడు. ఎద్దుని గొలుసులతో పైకి నిలబెట్టి, ఒక్కో కండ విప్పి, ఒక్కో నరం వేరుచేసి పిల్లలకి చూపించాలి. పేగు ముక్కని ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టాలి. చివరికి మిగిలిన ఎముకల్ని డ్రమ్ములో ఉడకబెట్టి, గీకి, ఎండబెట్టి, తీగలు కట్టి మళ్లీ ఎద్దులా నిలబెట్టాలి. ఆ ఉడకబెట్టే పని అటెండరు యేసుపాదానిది. యాభై దాటిన మనిషి. అతను ఉడకబెట్టిన ఎముకలన్నీ వరసగా పేరిస్తే కాలేజీ నుంచి సముద్రం దాకా రోడ్డు పడేదంటే నమ్మాలి మరి.

ఆ కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. గోనెసంచిలో ఎముకలు వేసేవాళ్లు. పిల్లలు కళ్లు మూసుకుని లోపల చెయ్యి పెట్టి, తడిమి, ఏ ఎముకో చెప్పాలి. రేపెప్పుడో ఆవు ఈనలేక అల్లాడుతుంటే, దాని కడుపులోకి చూపు వెళ్లదు కదా. వేళ్లే వెళ్లాలి.

అన్నిట్లోకీ కష్టమైనవి గిట్టల పైనుండే పొడుగు ఎముకలు. ముందుకాలిదీ వెనకకాలిదీ కవలపిల్లల్లా ఉంటాయి. ముందుది కాస్త బల్లపరుపు, వెనకది కాస్త నలుపలక. పిల్లలు చెమటలు కక్కేవాళ్లు. సుదర్శనం మాత్రం సంచిలో చెయ్యి పెట్టీ పెట్టకముందే, "వెనకది. కుడికాలు," అనేవాడు. తీసి చూస్తే అదే.

"ఎలా చెప్పారు సార్?" అని అడిగింది హిమజ అనే విద్యార్థిని.

"వేళ్లకి కళ్లుండాలి అమ్మడూ! నా చెయ్యి తగిలితే చాలు, ఎముకే లేచి దాని పేరూ ఊరూ చెప్పుకుంటుంది."

అసలు సంగతి వేరు. తొమ్మిదేళ్లుగా అదే సంచి, అవే ఎముకలు. వెనకకాలి ఎముక చివర గోరంత పెచ్చు ఊడిపోయింది. ముందుకాలిదానికి ఎప్పుడో తీగ దూర్చిన చిల్లుంది. ఆయన వేళ్లు తిన్నగా ఆ పెచ్చు మీదికీ, ఆ చిల్లు మీదికీ పోయేవి. ఆ మాట ఆయనకే తెలియదు. అదంతా తన చదువే అనుకునేవాడు.

ఒకసారి యేసుపాదం కొత్త ఎముకలు ఉడకబెట్టి, కొత్త సంచి కుట్టి తెచ్చాడు. సుదర్శనం అందులో చెయ్యి పెట్టాడు. చాలాసేపు తడిమాడు. ఏది ముందుదో ఏది వెనకదో తేల్చలేకపోయాడు.

"ఇవి సరిగ్గా ఉడకలేదోయ్. అటక మీద పడెయ్," అన్నాడు.

"చిత్తం సార్," అని యేసుపాదం పడేశాడు.

ఒకరోజు వైద్యం చేసే డాక్టర్లందరూ గాలికుంటు జబ్బుకి టీకాలు వెయ్యడానికి పల్లెల మీదికి వెళ్లారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ట్రాలీ ఆటో వచ్చి కాలేజీ ముందు ఆగింది. అందులో నిండు చూడి ఆవు. పక్కన నాంచారమ్మ అనే ఆవిడ, దాని మెడ పట్టుకుని నిలబడి ఉంది.

"తెల్లారుజాము నుంచీ నొప్పులు పడుతోంది బాబూ. మా ఆయన పోయాక దీని పాలతోనే ఇల్లు గడుపుకొస్తున్నాను. ఎలాగైనా దీన్ని బతికించండి," అంది.

"నేనున్నాగా అమ్మా! ఇంక నువ్వు కూర్చో," అన్నాడు సుదర్శనం. పిల్లలు చుట్టూ మూగారు. ఆయన చొక్కా విప్పి, సబ్బుతో భుజం దాకా కడుక్కుని, ఆవులోకి చెయ్యి పెట్టాడు. రెండు కాళ్లు తగిలాయి. రెప్ప కొట్టేలోగా తేల్చేశాడు.

"రెండూ ముందుకాళ్లే. దూడ తల పక్కకి తిరిగింది, అంతే. తాళ్లు కట్టి లాగండి."

యేసుపాదం దగ్గరికొచ్చాడు. "సార్, కీళ్లు ఒక్కసారి వంచి చూడండి. ముందుకాలైతే కింది కీలూ పై కీలూ ఒకేవైపు వంగుతాయి. వెనకకాలైతే ఒకటి అటు, ఒకటి ఇటు."

"నాకు పాఠం చెబుతావా? పోయి నీ డ్రమ్ము కింద మంట చూసుకోవోయ్!"

పిల్లలు నవ్వారు. హిమజ నవ్వలేదు. నలుగురు తాళ్లు పట్టుకుని లాగారు. ఆవు అరిచింది. కాళ్లు రాలేదు. ఇంకా గట్టిగా లాగారు. మూడోసారి లాగేసరికి ఆవు ముందుకాళ్ల మీద కూలబడింది. అప్పటిదాకా సుదర్శనం చేతిలో ఒక కాలు కొట్టుకుంటూ ఉంది. అది మెల్లగా ఆగిపోయింది.

అది ఆగిన సంగతి ఆయన ఒక్కడికే తెలిసింది.

చెయ్యి ఇంకా లోపలికి పోనిచ్చాడు. వేళ్లు వాటంతటవే దేనికోసమో వెతుకుతున్నాయి. దేనికోసమో ఆయనకి అప్పుడు తెలిసింది. పెచ్చు కోసం. చిల్లు కోసం. వెచ్చటి ఈ కాళ్లకి అవెక్కడుంటాయి? తొమ్మిదేళ్ల చదువు ఆ గోనెసంచిలోనే ఉండిపోయింది. ఆయన కళ్లు మూసుకుని, చదువు కొత్తగా మొదలెట్టినవాడిలా, ఆగిన కాలి కింది కీలు వంచాడు. పై కీలు వంచాడు. అది రెండోవైపు వంగింది. ఇంకో కాలు పట్టుకున్నాడు. రెండు కీళ్లూ ఒకేవైపు వంగాయి.

"తాళ్లు వదలండి," అన్నాడు. "యేసుపాదం, నువ్వు చెప్పినట్టు ముందే వంచి చూడాల్సింది. ఒకటి వెనకకాలు, ఒకటి ముందుకాలు. లోపల రెండు దూడలున్నాయి. రెండిట్నీ ఒకేసారి లాగించాను. ఇలా రా, నువ్వు పక్కనుండు."

యేసుపాదం చేతులు కడుక్కుని వచ్చి ఆవుని లేపి నిలబెట్టాడు. సుదర్శనం ముందుకాలున్న దూడని మెల్లగా వెనక్కి నెట్టాడు. వెనకకాలు ముందొచ్చిన దూడకి రెండో వెనకకాలు కూడా వెతికి పట్టుకుని దాన్ని బయటికి తీశాడు. ఎర్రటి పెయ్య. ఊపిరి లేదు. తర్వాత రెండోది వచ్చింది. యేసుపాదం దాని ముక్కులో గడ్డిపరక పెట్టాడు. అది తుమ్మింది. ఆవు తల తిప్పి దాన్ని నాకడం మొదలెట్టింది.

నాంచారమ్మ చచ్చిన పెయ్య పక్కన కూర్చుంది. దాని నుదురు నిమిరింది.

"కడుపులోనే పోయిందా బాబూ?"

అందరూ సుదర్శనం వైపు చూశారు. "అవునమ్మా" అంటే సరిపోయేది. ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఆయన తల వంచుకున్నాడు.

"లేదమ్మా. నేను చెయ్యి పెట్టినప్పుడు బతికే ఉంది. నాకు తెలుసనుకుని తప్పుగా లాగించాను. నా చేతుల్లో పోయింది."

ఆవిడ కొంగుతో పెయ్య మూతి తుడిచింది.

"దీన్ని ఏం చేస్తారు?"

"నువ్విస్తే ఇక్కడే ఉంచుకుంటానమ్మా. పిల్లలకి చూపించి చెబుతాను."

"ఉంచుకో. ముందు నువ్వు నేర్చుకో, తర్వాత వాళ్లకి చెప్పు," అని ఆవిడ లేచి, బతికిన దూడని ఎత్తుకుని ఆటో ఎక్కింది. ఆవుని వెనక ఎక్కించారు. ఆటో వెళ్లేదాకా సుదర్శనం తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆయనే ఆ పెయ్యని బల్ల మీద పడుకోబెట్టాడు. పిల్లలందరినీ పిలిచి, ఎప్పుడు ఏ పొరపాటు చేశాడో ఒక్కటీ దాచకుండా చెప్పాడు. కాళ్ల కీళ్లు వంచి చూపించమని యేసుపాదాన్ని అడిగాడు. అతను చూపిస్తుంటే మేష్టారు పిల్లల మధ్య నిలబడి చూశాడు.

అలవాటుని చదువనుకుని విర్రవీగితే, అది ఏ పాపం ఎరగని ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఎంత తెలిసినవాడైనా ప్రతిసారీ కొత్తగా తడిమి చూసుకోవాలి.