తోక కోసిన ఎంజైము

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్ల నడుమ, జంతువులకు మందులు చేసే ప్రయోగశాల ఉండేది. దాన్ని మాణిక్యాంబ అనే ముంగిస నడిపేది. ఆమె దగ్గర చంద్రి అనే ఉడుత పని నేర్చుకునేది. చంద్రికి చేతులు చురుకు, ఓపిక తక్కువ.

ఆ ఏడాది జింకపిల్లలకు జ్వరం పట్టుకుంది. దానికి మందు ఒక ప్రోటీను. మిగతా పదార్థాల్లోంచి పట్టుకోవడానికి వీలుగా తయారీలో దానికో తోక తగిలిస్తారు. తర్వాత ఒక ఎంజైము వేస్తే, అది కత్తెరలా ఆ తోకను కోసేస్తుంది. ఆ ఎంజైముకూ ట్యాగు అనే కొక్కెం లాంటి భాగం ఉంటుంది. అయస్కాంతం లాగే సన్నని పూసలు వేస్తే, ఎంజైము తన ట్యాగుతో వాటికి అతుక్కుంటుంది. సీసా పక్కన అయస్కాంతం పెడితే, పూసలతో పాటు ఎంజైమూ ఒక పక్కకు పోతుంది. శుభ్రమైన మందు మిగులుతుంది.

ఒకరోజు మాణిక్యాంబ పక్క కొండమీద రోగిని చూడ్డానికి బయల్దేరింది. తోక కోయడం, ఎంజైమును తీసేయడం, ఆపైన పరీక్షించడం, మూడు పనులూ చంద్రికి అప్పగించింది.

తోక తెగింది. అంతలో నీలవేణి అనే జింక పరుగున వచ్చింది. పిల్ల కళ్ళు తెరవడం లేదని, మందు త్వరగా ఇమ్మని బతిమాలింది. చంద్రికి జాలేసింది. తోక పోయాక ఇంకా పూసలెందుకు అనుకుంది. మందు సీసాలో పోసి ఇచ్చేసింది.

జింక వెళ్ళాక, గిన్నెలో మిగిలిన చుక్కను చంద్రి పరీక్షించింది. తోక కోసిన ఎంజైము అక్కడితో ఆగలేదు. మందునే ముక్కలు చేసేసింది.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. చంద్రి ఊరుకోలేదు. కొమ్మల మీదుగా ఉరికి, వాగు దగ్గర నీలవేణిని అందుకుంది.

"అత్తా, ఆ మందు పట్టొద్దు. తొందరలో నేనొక పని ఎగ్గొట్టాను. అది పాడైపోయింది."

నీలవేణి సీసా తిరిగి ఇచ్చేసింది. "నా బిడ్డ ఎదురు చూస్తోందమ్మా," అంది మెల్లగా.

చంద్రి వెనక్కి వచ్చి, ఇంకా తోక కోయని ప్రోటీనుతో మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తోక తెగగానే పూసలు వేసింది. అవన్నీ అయస్కాంతం వైపు చేరేదాకా కదలకుండా కూర్చుంది. పరీక్షలో మందు చెక్కుచెదరలేదు. సాయంత్రం తనే మోసుకెళ్ళి పిల్లకు పట్టించింది. తెల్లారేసరికి పిల్ల లేచి పాలు తాగింది.

తిరిగొచ్చిన మాణిక్యాంబ అంతా విని, "కత్తెర మంచిదే. కుట్టడం అయ్యాక దాన్ని చొక్కాలోనే వదిలేస్తామా?" అంది.

"వదలను పిన్నీ," అంది చంద్రి. "మందు తీసుకెళ్ళేసరికి ఆ పిల్లకు మూలిగే ఓపిక కూడా లేదు."

నీతి: ఎంత తొందరలోనైనా చివరి పని వదలకూడదు. వదిలితే, ఆ సంగతి చెప్పడానికి ఆలస్యం చేయకూడదు.