దాచిన చాకు

నాంచారమ్మ పడవ పాట మధ్యలో ఆగిపోయింది. గురువారం సాయంత్రం. దర్గా ముందు చాపల మీద నలభై మంది కూర్చుని వింటున్నారు. రెండో చరణంలో పడవ ఏట్లోకి దిగింది. మూడో చరణం ఎంతకీ నోటికి రాలేదు. ఆమె ఉత్తుత్తి దగ్గు దగ్గి, మంచినీళ్ళు తాగి, ఇంకో పాట ఎత్తుకుంది. పడవ నడి ఏట్లోనే ఉండిపోయింది.

ఇరవై ఏళ్ళుగా, దర్గా చూసుకునే ఖాదర్ తాత దగ్గర ఆమె నేర్చుకున్న పాటలన్నీ నోటి పాటలే. కాగితం మీద ఒక్క ముక్క లేదు.

మర్నాడు పొద్దున్నే తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన దర్గా వంటశాల మెట్టు మీద కూర్చుని, ఊరగాయ జాడీ బోర్లించి, దాని అడుగున పూత లేని గరుకు అంచు మీద చాకు నూరుతున్నాడు. సంతలో గుట్టగా పోసి అమ్మే పల్చటి చాకు. వంటశాలలో ఉన్నవన్నీ అలాంటివే.

"తాతా, నేనింక పాడను," అంది.

"గొంతు నొప్పా?"

"గొంతుకేం, గుండ్రాయిలా ఉంది. బుర్రే జల్లెడైపోయింది. పన్నెండు పాటల్లో ఎనిమిది సగం సగం పోయాయి. నాలుగే నిండుగా ఉన్నాయి. వాటినైనా లోపల దాచుకుంటాను. నలుగురిలో తీస్తే అవీ పోతాయి."

తాత చాకు తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ ఇంటి చాకు తెచ్చి ఇక్కడ పడేసి, ఇది తీసుకెళ్ళు. వచ్చే గురువారం దాకా దీని పదును పోకుండా చూడు."

నాంచారమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇదొక్కటైనా సరిగ్గా చేసి చూపించాలనుకుంది. చాకుకు కొబ్బరినూనె రాసి, పాత చీర ముక్కలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎక్కడ పెట్టానో అని వెతుక్కునే పని లేకుండా కొంగుకు ముడేసుకుంది. కూర తరగాల్సొచ్చినప్పుడల్లా పక్కింటికి వెళ్ళింది.

"ఏం వదినా," అంది పక్కింటి శేషారత్నం మూడో రోజున. "చాకు పెట్టెలో పెట్టుకుని వంకాయలు మా ఇంటికి తెస్తున్నావు. రేపు పొయ్యి కూడా దాచేస్తావా?"

గురువారం పొద్దున ఆమె తాత ముందు మూట విప్పింది. చాకు ఆనించగానే కాగితం రెండు ముక్కలైంది.

"భలే," అన్నాడు తాత. "వారం రోజులు దీంతో ఏం తరిగావు?"

"దీంతోనా? ఒక్క పచ్చిమిరపకాయ కూడా తరగలేదు," అంది గర్వంగా.

తాత చాకు తీసుకుని వంటశాలలోకి కేకేశాడు. "రమీజా, ఉల్లిపాయలకి ఇదిగో."

ఆ పూట రెండు వందల మందికి అన్నం. చాకు ఉల్లిపాయల నుంచి సొరకాయలకి, అక్కణ్ణించి బంగాళాదుంపలకి చేతులు మారింది. నాంచారమ్మ దాని వెనకే తిరిగింది.

"మెల్లిగా అమ్మా, గిన్నె అంచుకి తగులుతోంది."

"చాకేమన్నా నీ కూతురా పెద్దమ్మా, అత్తారింటికి పంపినట్టు ఇదైపోతున్నావు," అంది రమీజా.

మధ్యాహ్నానికి దాన్ని టమాటా మీద పెడితే తొక్క తెగలేదు, పండు చితికింది.

తాత మెట్టు మీద జాడీ బోర్లించి, అడుగున నీళ్ళు చిలకరించి, పక్కకి జరిగాడు. "కూర్చో."

చాకు ఏటవాలుగా ఎలా ఆనించాలో చూపించాడు. ఆ వైపు పది సార్లు, ఈ వైపు పది సార్లు. మధ్యలో ఆమె లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.

ఇంకో టమాటా తెచ్చి కోస్తే జారినట్టు తెగింది.

"ఇంత తొందరగానా?" అంది.

"చవక రేకు. పదును పోవడమూ తొందరే, రావడమూ తొందరే," అన్నాడు తాత, ఇంకో మొద్దు చాకు ఆమె ముందుకు జరుపుతూ. "ఖరీదైనవి మన దగ్గర ఎప్పుడున్నాయి, నాంచారీ?"

సాయంత్రం చాపల మీద జనం కూర్చున్నాక ఆమె పడవ పాటే ఎత్తుకుంది. మూడో చరణం దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి దగ్గలేదు.

"ఇదిగో, ఇక్కడే పోయింది," అని నవ్వి, మొదటి నుంచి అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. చాప చివర నుంచి శేషారత్నం ఒక మాట అందించింది. అది వేరే పాటలోది. అందరూ నవ్వారు, నాంచారమ్మ కూడా. మూడోసారి మొదలుపెట్టింది.

ఖాదర్ తాత మోకాలి మీద వేస్తున్న తాళం ఒక్కసారీ ఆపలేదు.