గంజి గుండప్ప సాక్ష్యం

ఒకానొక రాజ్యంలో యుద్ధమన్నది జరిగి నలభై ఏళ్లు దాటింది. పొయ్యి దగ్గరికి పోనివాళ్లే వంటకు వంకలు పెడతారు కదా, అలాగే యుద్ధం ముఖం ఎరగని ఆ దేశపు రాజుకు యుద్ధం మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

ఆ రాజ్యం పేరు కంబాలదుర్గం, రాజు పేరు ప్రచండవర్మ. ఆయన కత్తి ఏటా దసరాకు పూజ కోసం ఒర దాటి, కుంకుమ బొట్టు పెట్టించుకుని మళ్లీ ఒరలోకి వెళ్లిపోయేది. బిరుదులు మాత్రం పదకొండు. ఒక్కటి తగ్గినా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆయనా, ఆస్థాన పండితుడు శేషంభట్టూ కలిసి మూడేళ్లు కూర్చుని ‘ప్రచండ సమరతంత్రం’ అనే గ్రంథం రాశారు. మూడు వందల అరవై తాటాకులు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు దూకాలి, ఎలా దడిపించాలి, అన్నీ అందులో ఉన్నాయి. ప్రతులు రాయించి ఛప్పన్న దేశాలకూ పంపాలని రాజుగారి కోరిక. చివరి పన్నెండు ఆకులు మాత్రం ఖాళీ. అవి విజయాధ్యాయానికి. విజయం లేని యుద్ధగ్రంథం వరుడి పేరు లేని శుభలేఖ లాంటిదని శేషంభట్టు సెలవిచ్చాడు. అందుకని విజయదశమికి సైన్యాన్ని నడిపించి, పాలవాగు దాటి, మణివరం మీద పడాలని నిశ్చయమైంది. మణివరం ఏ పాపమూ చేయలేదు. దగ్గరగా ఉండటమే అది చేసిన తప్పు.

అయితే ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. ఏ గ్రంథమైనా సరే, తాటాకులకు దారం ముడి వేయాలంటే ఆ సంగతి ఒంటిమీద అనుభవించిన మనిషి ఒకడు సభలో కూర్చుని అంతా విని, ‘ఔను, ఇంతే’ అనాలి. వైద్యగ్రంథానికి రోగి సాక్షి. గజశాస్త్రానికి మావటి సాక్షి. పూర్వం ఒక రాజు ఏటి ఒడ్డున గొడుగు కింద కూర్చుని ఈతశాస్త్రం రాయించాడట. అది చదివి ఏట్లో దిగిన మంత్రి మళ్లీ కనపడలేదు. ఆచారం ఆనాటిది. దాన్ని తప్పే ధైర్యం ప్రచండవర్మకు కూడా లేదు.

యుద్ధం చూసిన మనిషి కోసం రాజ్యమంతా గాలించారు. నలభై ఏళ్ల కిందట మణివరంతోనే జరిగిన యుద్ధానికి వెళ్లినవాళ్లలో ఒక్కడే మిగిలాడు. వాడు బంటు కాదు, వంటవాడు. సైన్యానికి గంజి కాచినవాడు కనుక గంజి గుండప్ప అనేవారు. ఇప్పుడు రాజుగారి వంటశాలలో ఓ మూల చింతపండు పిసుక్కుంటూ బతుకుతున్నాడు. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ ఏదో మరిచిపోయినవాడిలా ఉంటాడు. ఆ ముఖం చూసి మోసపోయినవాళ్లు చాలామంది.

వాణ్ణి తెచ్చి సభ మధ్యన పీట వేసి కూర్చోబెట్టారు. చదవడం మొదలైంది. మొదటి రెండు రోజులూ గుండప్ప బుద్ధిగా విన్నాడు, కాస్త కునికాడు కూడా. మూడోనాడు ‘ఏరు దాటుట’ అనే అధ్యాయం వచ్చింది. శేషంభట్టు గొంతు సవరించుకుని రాగయుక్తంగా చదివాడు.

“రేవుపాలెమున మొదట నిప్పు పెట్టవలెను. ఆ మంట చూచి శత్రువుకు గుండె జారును.”

గుండప్ప నిద్ర ఎగిరిపోయింది. రేవుపాలెం పాలవాగుకు అవతలి ఒడ్డున మొదటి పల్లె. వాడి ఒక్కగానొక్క కూతురు చెంచమ్మను ఇచ్చింది ఆ ఊరికే. అల్లుడు ఏటి ఇసకలో దోసపాదులు పెట్టుకుని బతుకుతాడు. రేవు దిగగానే కనపడే మొదటి పాక వాళ్లదే.

పాపం, గుండప్పకు చెప్పలేనంత భయం వేసింది. ‘ఔను, ఇంతే’ అంటే కూతురి ఇల్లు బూడిద. ‘కాదు’ అంటే రాజుగారి మూడేళ్ల శ్రమ ఏట్లో పారేయాలి, ఆ తర్వాత తన తల భుజాల మీద ఉంటుందని చెప్పలేం. తనకు అడ్డమొచ్చిన సాక్షిని ఏ రాజు బతకనిస్తాడు? అందుకని గుండప్ప ఔననలేదు, కాదనలేదు. మిగతా నాలుగు రోజులూ నోరు తెరవకుండా విన్నాడు.

ఏడోనాటికి గ్రంథం పూర్తయింది. దారం పట్టుకుని లేఖకుడు సిద్ధంగా నిలబడ్డాడు. గుండప్ప బట్టతల గోక్కుంటున్నాడు.

రాజుకు ఓపిక అయిపోయింది. ఇందులో ఏం తప్పు కనపడిందో చెప్పమన్నాడు.

“తప్పేమీ లేదు ప్రభూ. నాకే అయోమయంగా ఉంది. ఇందులో అంతా తేటగా కనపడుతోంది. నేను వెళ్లిన యుద్ధంలో నాకేమీ కనపడలేదు.”

ఏం జరిగిందో చెప్పమని రాజు ఆజ్ఞ. గుండప్ప చెప్పాడు. ఆ పొద్దున గంజి కాచి, కాగులు కావడికెత్తుకుని మనవాళ్ల దగ్గరికి బయల్దేరాడట. ఎర్రటి ధూళి లేచి చేయి చాస్తే చేయి కనపడలేదట. ధూళిలోంచి ఎవరో ఇటు రమ్మంటే వెళ్లి వరసగా పోశాడట. ఆబగా తాగారట. ఆఖరివాడు మూతి తుడుచుకుని, మన మణివరం గంజి ఇంత కమ్మగా ఎన్నడూ లేదని మెచ్చుకున్నాడట. అప్పుడు తెలిసింది తను పోసింది శత్రువుకని. పరుగున వెనక్కి వచ్చేసరికి, మణివరం వంటవాడెవడో దారి తప్పి వచ్చి మనవాళ్లకు సంకటి పెట్టి పోయాడట.

సభలో కొందరు నవ్వబోయి రాజు ముఖం చూసి దగ్గారు.

“సరే, ఆ యుద్ధం ఎవరు గెలిచారు?” అన్నాడు రాజు.

“తెలియదు ప్రభూ. మధ్యాహ్నం రెండు వైపులా విజయభేరి కొట్టారు. నేను కాగులు తోముకుంటున్నాను.”

ముసలి మంత్రి ఉలిక్కిపడ్డాడు. కోట ముందు ఆ యుద్ధం తాలూకు విజయస్తంభం ఉంది. అచ్చం అలాంటిదే, అదే తిథి చెక్కినది, మణివరం కోట ముందు కూడా ఉందని ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఎవరు గెలిచారని మంత్రులు ఒకరినొకరు గుసగుసగా అడగడం మొదలుపెట్టారు. ఎవరికీ తెలియదు. సభంతా తికమక.

శేషంభట్టు మాత్రం తొణకలేదు. ఆనాటి సేనాపతి దగ్గర గ్రంథం లేదు కనుకనే ఆ గందరగోళమనీ, గ్రంథం ప్రకారం నడిస్తే యుద్ధం అద్దంలా ఉంటుందనీ అన్నాడు.

గుండప్ప లేచి చేతులు జోడించాడు. “పంతులుగారు చెప్పింది నిజమే అయి ఉంటుంది. అయితే గ్రంథం ప్రకారం జరిగిన యుద్ధం నేను చూడలేదు. చూడనిదానికి సాక్ష్యం చెబితే ఆచారం చెడుతుంది. ఒక్కసారి కళ్లకు చూపించండి ప్రభూ, చూసి ఔనంటాను.”

రాజుకు ఆ మాట తేనెలా తగిలింది. ఉత్తుత్తి యుద్ధం జరపాలన్నాడు. సైన్యంలో సగానికి తాను నాయకుడు, రెండో సగం మణివరం వేషం, దానికి సేనాపతి వజ్రప్ప నాయకుడు. బల్లేలకు బదులు జొన్నదంట్లు. గుండప్ప ఇంకొక్క మనవి చేసుకున్నాడు. పరీక్ష గ్రంథానిది కనుక రెండు పక్షాలూ గ్రంథాన్నే అనుసరించాలి, అక్షరం తప్పకూడదు. తన గ్రంథాన్ని అనుసరించొద్దని ఏ గ్రంథకర్త అంటాడు? రాజు సంతోషంగా ఒప్పుకున్నాడు.

మూడోనాడు పొద్దెక్కేసరికి ఏనుగుల మైదానం నిండిపోయింది. రాజుగారు పసుపు తలపాగా చుట్టి గుర్రమెక్కారు. పక్కన శేషంభట్టు ఆకులు పట్టుకుని కంచరగాడిద మీద. అవతల నీలి తలపాగాల పక్షంలో వజ్రప్ప పక్కన శేషంభట్టు శిష్యుడు ఇంకో ప్రతితో. మైదానం అంచున గుండప్ప మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసి గంజి ఎసరు పెట్టాడు.

శంఖం ఊదారు. గ్రంథంలో మొదటి సూత్రం: సూర్యుణ్ణి వీపున పెట్టుకుని నిలబడినవాడిదే పైచేయి. రాజు సైన్యం తూర్పుకు కదిలింది. వజ్రప్పా అదే సూత్రం విని తూర్పుకే కదిలాడు. కాసేపటికి రెండు సైన్యాలూ భుజం భుజం రాసుకుంటూ ఒకే వరసలో పడమటికి తిరిగి నిలబడ్డాయి. ఎదురుగా శత్రువు ఉండవలసిన చోట ఎవరిదో గాడిద గడ్డి మేస్తోంది.

మీరు అవతలికి వెళ్లండంటే మీరు వెళ్లండని వాదులాడుకున్నారు. ఎవరు వెళ్లినా కళ్లలో ఎండ పడుతుంది, గ్రంథం ఒప్పుకోదు. చివరికి ఇద్దరూ ఒకరి వెనక్కి ఒకరు చేరాలని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. తిరిగారు, తిరిగారు. గానుగెద్దులు కూడా అంత తిరగవు. ఎర్రటి ధూళి లేచి మనుషుల్ని కప్పేసింది. పసుపు తలపాగాలూ నీలి తలపాగాలూ ఒకే రంగయ్యాయి. ఈలోగా సూర్యుడు నడినెత్తికి వచ్చి ఎవరి వీపుకూ దక్కకుండా పోయాడు.

ఏం చేయాలో రాజుకు తోచలేదు. శేషంభట్టు ఆకులు తిరగేసి అరిచి చెప్పాడు: సందేహం కలిగినపుడు పారిపోతున్నట్టు నటించి, తరుముకొచ్చిన శత్రువును మాటున పొంచి చుట్టుముట్టవలెను. రాజు సైన్యం దక్షిణానికి పరుగు తీసింది. సందేహం వజ్రప్పకు కూడా కలిగింది మరి. ఆయన సైన్యం ఉత్తరానికి పరుగు తీసింది. ఇద్దరూ మహా నటించారు. ఒకళ్లు వాగు లోయలో, ఒకళ్లు గుట్ట వెనక ఊపిరి బిగబట్టి పొంచి, తరుముకొచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

తరిమేవాళ్లుంటే కదా రావడానికి.

రాజుగారు మాత్రం ధూళిలో దారి తప్పారు. ఎటు వెళ్లమన్నా గుర్రానికి అర్థం కాక, దానికి తోచినట్టు ఉడుకు గంజి వాసన పట్టుకుని నడిచింది. గుండప్ప పొయ్యి దగ్గర ఎవరో నిలువెల్లా మట్టి కొట్టుకున్న మనిషి కూర్చుని దొన్నెలో గంజి తాగుతున్నాడు. శత్రువు బంటనుకుని రాజు జొన్నదంటు ఎత్తాడు. ఆ మనిషి లేచి నమస్కారం చేశాడు. తీరా చూస్తే, తనలాగే దారి తప్పిన సేనాపతి వజ్రప్ప.

రాజు దిగి కూలబడ్డాడు. గుండప్ప ఆయనకూ ఒక దొన్నె అందించాడు. పొద్దుటి నుంచి పచ్చి గంగైనా ముట్టని మనిషి, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు.

“నా సైన్యం ఏది?” అన్నాడు కాసేపటికి.

“లోయలో పొంచి ఉంది ప్రభూ.”

“శత్రుసైన్యం?”

“గుట్ట వెనక పొంచి ఉంది.”

“మరి గెలిచిందెవరు?”

గుండప్ప బట్టతల గోక్కున్నాడు. “ఇప్పుడు మాత్రం అచ్చం నేను చూసిన యుద్ధంలాగే ఉంది ప్రభూ.”

అప్పటికి శేషంభట్టు ఒంటి చెప్పుతో రొప్పుతూ వచ్చాడు. గ్రంథంలో దోషం లేదన్నాడు. శత్రువు చేతిలో కూడా అదే గ్రంథం ఉండటం వల్ల వచ్చిన అనర్థమిదని తేల్చాడు. రాజు గుండప్ప వైపు కోపంగా చూశాడు. శత్రువుకు గ్రంథం ఇప్పించిన తెలివి ఎవరిదని గద్దించాడు.

గుండప్ప వినయంగా ఒక్క సంగతి అడిగాడు. గ్రంథానికి ప్రతులు రాయించి ఛప్పన్న దేశాలకూ పంపాలని ఏలినవారి ఆలోచన కదా. ఆ యాభై ఆరింటిలో మణివరం ఉందా?

ఉందన్నాడు రాజు. కాస్త ఆలోచించి, మణివరానికి పంపవద్దన్నాడు. మిగతా యాభై అయిదు దేశాల్లో ఏదో ఒకటి మణివరానికి చుట్టమే కదా అన్నాడు గుండప్ప. అయితే ఎవరికీ పంపవద్దు, పెట్టెలో పెట్టి తాళం వేయమన్నాడు రాజు.

“వేయిస్తాం. అప్పుడు ఇంత గొప్ప గ్రంథం తమరు రాశారని ఎవరికి తెలుస్తుంది ప్రభూ?”

రాజు ఇరకాటంలో పడ్డాడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. గ్రంథం దాచి యుద్ధానికి పోతే గ్రంథకర్త కీర్తి పోతుంది. గ్రంథం పంచి యుద్ధానికి పోతే ఇవాళ్టి గానుగ తిరుగుడే మణివరం ముందు తిరగాలి, నలుగురూ నవ్వుతారు. యుద్ధమో గ్రంథమో, రెంట్లో ఒకటే దక్కుతుంది. మూడేళ్లు కూర్చుని రాసిన మనిషి ఏది వదులుకుంటాడో గుండప్పకు తెలుసు. అయినా ఆయన నోటి నుంచి వచ్చేదాకా వాడు కాగులో గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

“గ్రంథమే ఉండనీ,” అన్నాడు చివరికి రాజు. “ఆ ఖాళీ ఆకుల మాట?”

“ఇవాళ జరిగింది రాయించండి. మొదటి ప్రతి మణివరానికే పంపించండి ప్రభూ. రెండు వైపులా ఇదే చదివితే, ఎండ ఎటు తిరుగుతుందా అని చూస్తూ ఇద్దరూ ఇళ్లలోనే ఉంటారు. ఈలోగా పొలాలు పండుతాయి.”

ప్రచండవర్మ తన మట్టి కొట్టుకున్న తలపాగా తీసి చూసుకున్నాడు. మణివరం రాజు, బొజ్జ ఊపుకుంటూ, సూర్యుణ్ణి వీపున పెట్టుకోవాలని గిరగిరా తిరగడం ఆయన కళ్లకు కట్టింది. ముందు ముసిముసిగా, తర్వాత కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. వజ్రప్పా నవ్వాడు. శేషంభట్టు ఎందుకో తెలియకపోయినా నవ్వాడు.

నవ్వు ఆగాక, ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు.

“ఏరు దాటే అధ్యాయంలో ఒక ఆకు ఇప్పించండి ప్రభూ. రేవుపాలెంలో నా కూతురు ఉంది. ఏలినవారి సైన్యం దిగే రేవులో మొదటి పాక దానిదే. ఆ ఆకు విన్ననాటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.”

రాజు నవ్వు ఆగింది. ఆకులు తెప్పించి ఆ ఒక్కటీ తానే వెతికి తీశాడు. ఒకసారి చదువుకున్నాడు. మూడేళ్లలో వందసార్లు చదివి ఉంటాడు గానీ, అందులో ఒక పాక ఉన్నట్టు ఆయనకు ఎప్పుడూ తోచలేదు. దాన్ని గుండప్ప చేతికిచ్చాడు. గుండప్ప దాన్ని నాలుగు ముక్కలు చేసి గంజి కాగు కిందికి తోశాడు.

గుట్టవెనకవాళ్లకూ లోయలోవాళ్లకూ కబురు పంపి పిలిపించి, అందరికీ అక్కడే గంజి పోశారు. సాయంత్రానికల్లా ఆనాటి కథ ఖాళీ ఆకులకెక్కింది, సభ కొలువుతీరింది. గుండప్ప ‘ఔను, ఇంతే’ అన్నాడు, లేఖకుడు దారం ముడి వేశాడు. రాజు తన పదకొండు బిరుదుల్లోంచి ‘సంగ్రామధీర’ అనేది తీసి, ఇది వీడికే బాగా నప్పుతుందంటూ గుండప్పకిచ్చి శాలువా కప్పాడు. మొదటి ప్రతి పల్లకీలో పెట్టి, రాయబారిగా వాణ్ణే మణివరానికి పంపాడు.

మణివరం రాజు గ్రంథమంతా చదివించుకున్నాడు. విజయాధ్యాయం దగ్గర మాత్రం రెండుసార్లు చదివించుకుని, ఏమీ అంతుపట్టక రాయబారిని పిలిచి, ఇంతకూ ఇందులో గెలిచిందెవరని అడిగాడు.

“తెలియదు దొరా,” అన్నాడు సంగ్రామధీర గంజి గుండప్ప. “గంజి మాత్రం రెండు వైపులా సరిపోయింది. ఇక నాకు సెలవిప్పించండి. రేవులో మా అమ్మాయి దోసకాయ పప్పు చేసి చూస్తూ ఉంటుంది.”