మబ్బుపిట్ట మోసుకొచ్చిన సాక్ష్యం

అనగనగా ఒక అడవిలో, ఏటి మలుపు మీద నిట్టనిలువుగా ఒక ఎర్ర కొండచరియ ఉండేది. దాని నెర్రెల్లో పిట్టలు కాపురం ఉండేవి. వాటన్నిటికీ పెద్ద ఓబులమ్మ అనే పావురం. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పొద్దుగూకితే ఎవరి రాతి మీద వాళ్లు వాలాలి, ఓబులమ్మ పిలిస్తే పలకాలి. పలకని వాళ్లను ఆ ముసలిది జన్మలో మరిచిపోదు.

మబ్బుపిట్ట చుక్కి ఒక్కతే పలికేది కాదు. దానివి కొడవలి లాంటి రెక్కలు, ఉన్నాయో లేవో తెలియని కాళ్లు. పిల్లలు ఎగరగానే తానూ వెళ్లిపోయేది. మళ్లీ గుడ్లు పెట్టే కాలానికే రావడం.

"ఇన్నాళ్లూ ఎక్కడ వాలావే?" అని ఓబులమ్మ ఒక ఏడు నిలదీసింది.

"ఎక్కడా వాలలేదత్తా. గాల్లోనే తిన్నాను, గాల్లోనే నిద్రపోయాను" అంది చుక్కి.

"స్నానం కూడా గాల్లోనేనా?" అంది గోరింక పోలి.

"వాన పడితే చేస్తాను" అంది చుక్కి. చరియంతా పగలబడి నవ్వింది. ఓబులమ్మ నవ్వలేదు. తన మొహం మీదే అబద్ధమాడిందని మనసులో పెట్టుకుంది.

మరుసటేడూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడో ఏడు పిట్టల మీద పరిశోధన చేసే ఒకమ్మాయి వచ్చింది. చుక్కిని మెత్తగా పట్టుకుని, వీపుకు చింతగింజంత పెట్టె కట్టి వదిలింది. ఆ ఏడు పిల్లలు ఎగిరి చుక్కి అటు వెళ్లగానే ఓబులమ్మ పుల్లలు తెచ్చి దాని నెర్రెలో కుక్కి కుక్కి మూసేసింది. అబద్ధాలకోరుకు తన చరియలో చోటు లేదని అందరికీ చెప్పింది.

మళ్లీ గుడ్లు పెట్టే కాలానికి చుక్కి తిరిగొచ్చింది. గుడ్డు ఇవాళో రేపో అన్నట్టుంది. కొమ్మ మీద నిలబడే కాళ్లు కావు. వేరే నెర్రె ఏదీ ఖాళీగా లేదు. మూసిన వాకిలి పక్కనే రాతిని గోళ్లతో పట్టుకుని, రెక్కలు చాచే వేలాడుతూ బతిమాలింది. ఓబులమ్మ మెడ తిప్పుకుంది.

అంతలో ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. చుక్కిని పట్టుకుని, పెట్టె విప్పి, వదిలేసింది. పెట్టెను తన యంత్రానికి తగిలించి చూసింది. ఎక్కడ ఎప్పుడు తెల్లారిందో, ఎప్పుడు చీకటిపడిందో, రెక్కలు ఎప్పుడు ఆడాయో అన్నీ అందులో ఉంటాయట. తోడొచ్చిన అడవి కాపలా తాతకు ఆమె చెబుతుంటే పిట్టలన్నీ గొంతులు ఆపి విన్నాయి.

"సముద్రం దాటింది తాతా. ఎడారి దాటింది. ఇక్కడ బయల్దేరింది మొదలు తిరిగొచ్చేదాకా ఒక్కసారి కూడా వాలలేదు."

తాత తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, ఆకాశం వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఓబులమ్మ కూడా చూసింది. ఇన్నేళ్లూ అది తన చరియకు కప్పు అనుకుంది. ఇప్పుడు దానికి అంచు కనిపించలేదు. అందులో పిడికెడు పిట్ట, రేయింబవళ్లు, ఒంటరిగా.

అందరూ చూస్తుండగానే ఓబులమ్మ వెళ్లి పుల్ల పట్టుకుని లాగింది. పోలి సాయం రాబోయింది.

"మూసింది నేను. నువ్వు పక్కకు జరుగు" అంది.

ముక్కు చెక్కుకుపోయినా ఆగలేదు. ఆఖరి పుల్ల తీసి, దారి ఇచ్చి, "లోపలికి పో తల్లీ" అంది.

చుక్కి జారినట్టు లోపలికి వెళ్లింది. పోయిన ఏటి నుంచి తెరిచే ఉన్న ఆ రెక్కలు అప్పుడు మడుచుకున్నాయి.

నీతి: మనకు చేతకానిదల్లా అబద్ధం కాదు. తెలియక మూసిన తలుపును మూసిన వాళ్లే తీయాలి.