ఆకులు చింపే నలుసు

అనగనగా ఒక అడవిలో ఒక చీమల పుట్ట. ఏ గదికి గింజలు కావాలో ఆ గది గుమ్మంలో రాణిచీమ తన వాసన పూసిన ఆకుముక్క వేయించేది. ఆ వాసన తగిలితే చాలు, పనిచీమలు మారుమాటాడకుండా గింజలు తెచ్చి గుమ్మంలో పడేసి పోయేవి. గది నిండిందో లేదో తొంగిచూసి, నిండితే ఆ ఆకుని చింపెయ్యడం నలుసు అనే బుల్లి చీమ పని. చింపకపోతే మోస్తూనే ఉంటాయి మరి, అంత బుద్ధిమంతులు!

ఇలాంటి నలుసులు మన ఒంట్లోనూ ఉంటాయర్రా. వాటిని మైక్రో ఆర్‌ఎన్‌ఏలంటారు; ఒంట్లోని కణాలకి ఫలానాది తయారుచెయ్యమని వచ్చే చీటీలే వాటికి ఆకులు. వైరస్ దూరి దొంగ ఆకులు వేస్తే, ఈ నలుసుల్లో కొన్ని ఆ ఆకుల్ని చింపడానికే చూస్తాయి.

ఈ పుట్టలోకి దూరింది ఒక పెంకుపురుగు. రాణి గది గోడకి ఒళ్లు రుద్దుకుని ఆ వాసన అంటించుకుంది. మూల గదిలో తన పిల్లల్ని పెట్టి, గుమ్మంలో ఆకు వేసింది. పనిచీమలు బారులు తీరాయి.

నలుసు తొంగిచూసింది. వాసన రాణిదే, లోపలున్న పిల్లలు మాత్రం తమవి కావు. ఆకు చింపేసింది. పురుగు ఇంకోటి వేసింది. అదీ చింపింది. మూడోది చింపుతుంటే మేస్త్రి చీమ పట్టుకుంది.

"మేం నడుములు విరిగేలా మోస్తుంటే నువ్వు ఆకులు చింపుతావా?"

"ఒక్కసారి లోపలికి చూడు, మేస్త్రీ."

"చూసే తీరిక నాకెక్కడిది? రాణమ్మ వాసన చాలదూ?"

ఇకమీదట ఆకు ముట్టుకుంటే పుట్టలో చోటు లేదని తేల్చేసింది. నలుసు నెత్తీ నోరూ కొట్టుకుని అందరికీ చెప్పింది. గోడకి చెప్పినా వినేదేమో. నలుసుకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో ముసురు పట్టింది. బయట గింజ దొరకదు. సొంత పిల్లల గదిలో నూక కూడా లేదు. దాచిన గింజలు కూడా మూల గదికే పోతున్నాయి, అక్కడ పురుగు పిల్లలు మెక్కుతూనే ఉన్నాయి. అప్పుడు మేస్త్రి మూల గదిలోకి తొంగిచూసి, నలుసు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, ఆ ఆకులు చింపమని బతిమాలింది.

నలుసు అన్నీ చింపేసింది. తిండి ఆగేసరికి పురుగు పిల్లల్ని తీసుకుని పోయింది. మిగిలిన గింజలతో కొన్ని చీమపిల్లలు బతికాయి. కొన్ని దక్కలేదు.

ఇంకెప్పుడూ నీకు అడ్డు రానంది మేస్త్రి. నలుసుకి ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు చింపావని నన్ను నిలదీశావు. ఎవరు వేశారని ఒక్కసారైనా అడిగావా?"



నీతి: వద్దని ఆపేవాళ్లంతా పని చెడగొట్టేవాళ్లు కారు, ముందు కారణం చూడాలి, తర్వాతే కోప్పడాలి.