ఆకు మీద తగువు

"ఒక్క ఆకు కోశారో, తోట జప్తు!" అని వీధి చివర నుంచి కేక వినపడింది. కేక వేసింది రాజుగారి తోటల అధికారి విరూపాక్షయ్య. ఊరంతా కలిసి పేడ ఎరువుతో పెంచుకుంటున్న అరటితోటకు సలహా చెప్పడానికి వచ్చాడాయన. "ఆకు పోతే గెల ఊరదు!"

వెంట వచ్చిన రెండో అధికారి భుజంగరావు ఊగిపోయాడు. "కోయకపోతేనే జప్తు! గెలకు ఎండ తగలొద్దూ?"

ఇదెక్కడి గోలండీ! ఆకులు కోయడానికి కత్తులు పట్టుకున్న ఊరివాళ్లు పట్టుకున్నట్టే బిక్కమొహాలు వేసుకుని నిలబడిపోయారు. పొద్దు నడినెత్తికెక్కినా తగువు తెగలేదు.

అప్పుడు వంటల సింగారమ్మ వచ్చి, "బాబూ, భోజనాలకు లేవండి" అంది.

ఇద్దరూ గబగబా వెళ్లి పంక్తిలో కూర్చున్నారు. చూస్తే ముందు ఆకు లేదు.

"ఆకేదమ్మా?" అన్నాడు భుజంగరావు.

"కోస్తే ఆయన, కోయకపోతే మీరు తోట పట్టుకుపోతారాయె. ఇద్దరూ ఒక మాట మీదికొస్తే వడ్డిస్తాను."

పులుసు వాసన గుప్పుమంది. అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇన్నాళ్లూ ఎలా కోశారో అలాగే కోసుకోండి!" అన్నాడు విరూపాక్షయ్య.

"నేనన్నదీ అదే!" అన్నాడు భుజంగరావు.

"మరి జప్తో?"

"లేదు తల్లీ, ముందు ఆకెయ్యి!" అన్నారిద్దరూ.

ఊరందరూ విన్నారు. తోటలోంచి ఆకులొచ్చాయి. అధికారుల పక్కనే ఊరంతా బారుగా కూర్చుని, వేడన్నంలో పులుసు కలుపుకుంది.